పెంచలీన్ ఉత్తీర్ణత

ఇంతవరకు ఈ లోకంలో లేనిదీ, ఇకమీదట ఉండగలదో లేదో ఎవరికీ తెలియనిదీ అయిన ఒక పదార్థానికి, బోగోలు మండలంలో రొయ్యల చెరువుల నడుమ వెలసిన శ్రీమతి పెంచలమ్మ స్మారక ఇంజనీరింగ్ కళాశాలలో, శాస్త్రోక్తంగా బారసాల జరిగింది. ఫలితం వెలువడిన ఇరవై ఒకటవ రోజున జరిగింది గనుక ఆచారానికి ఏ లోటూ రాలేదు. ఇంతకూ పుట్టిందా అని అడిగినవారు లేరు. పుట్టనివాటికి పేరు పెట్టరాదని ఏ శాస్త్రంలోనూ లేదని పురోహితుడు ముందే తేల్చి చెప్పాడు. కళాశాలలో క్రైస్తవ సిబ్బంది కూడా గణనీయంగా ఉన్నందున, పాస్టరు గారు వచ్చి, కనబడని వాటిని నమ్మడంలోని మేలు గురించి పది నిమిషాలు ప్రార్థించి వెళ్లారు. ఆ ప్రార్థన సందర్భానికి ఎంతగా అతికిందో ఆయనకే తెలియదు.

పదార్థం పేరు పెంచలీన్. బోరాన్, కార్బన్, లిథియం అనే మూడు మూలకాలను ఒకే ఒక్క పరమాణువు మందాన పొరగా పరిస్తే ఏర్పడుతుందని కంప్యూటర్ లెక్క. దానిని మైనస్ నూట ఎనభై ఏడు డిగ్రీల చలికి దించితే, కరెంటు రవ్వంత కూడా నష్టపోకుండా ప్రవహిస్తుందనీ, అంటే అది అతివాహకం అవుతుందనీ అదే లెక్క చెప్పింది. మామూలు తీగల్లో కరెంటు దారి పొడవునా వేడిగా ఖర్చయిపోయి, చిట్టచివరి చెరువు మోటారును చేరేసరికి నీరసించి ఉంటుందని ఈ ప్రాంతపు రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. అతివాహకంలో ఆ ఖర్చు సున్న. మైనస్ నూట ఎనభై ఏడు మనబోటివారికి గడ్డకట్టే చలి కావచ్చు. ఆ రంగంలో మాత్రం అది వెచ్చని సంఖ్య. అటువంటి సంఖ్య కోసం దేశదేశాల్లో మేధావులు కంప్యూటర్ల ముందు కూర్చుని కళ్లజోళ్లు మార్చుకుంటున్నారు.

పేరు పెట్టినవారు కళాశాల కరస్పాండెంట్ మాలకొండయ్య గారు. రొయ్య పిల్లల హేచరీ నడిపి, అందులో వచ్చిన లాభంతో మనుషుల పిల్లలకు కళాశాల కట్టిన దార్శనికుడు. గ్రాఫైటు నుంచి తీసిన పొరను గ్రాఫీన్ అనగా లేనిది, తన తల్లి పేరిట కట్టిన కళాశాల నుంచి తీసిన పొరను పెంచలీన్ అంటే తప్పేమిటని ఆయన వేసిన ప్రశ్నకు శాస్త్రలోకం ఇప్పటికీ సమాధానం చెప్పలేదు.

సభలో ఆయన ఉపన్యాసం క్లుప్తంగా ముప్పావు గంట సాగింది. "మా అమ్మకు సంతకం చెయ్యడం కూడా రాదు. ఈ రోజు ఫారిన్ సైంటిస్టులు ఆమె పేరు నోరు తిరక్క అల్లాడుతుండారు. ఒక తల్లికి ఇంతకంటే ఏం కావాల?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వేదిక వెనుక ఫ్లెక్సీ మీద 'నూట ఎనభై ఏడు డిగ్రీల ఘనత' అని అచ్చయింది. శుభకార్యంలో మైనస్ ఎందుకని ఆ ఒక్క గీతను తీసివేయించారు. నీళ్లు మరిగే వేడికి దాదాపు రెట్టింపు వేడిలో తమ చెరువులకు కరెంటు రాబోతోందని రైతులు గ్రహించి సంతోషించారు.

వేదిక మీద చివరి కుర్చీలో డెబోరా కూర్చుని ఉంది. భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఈ కళాశాలలో ఏడేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. పెంచలీన్ లెక్క మొత్తం ఆమెదే. పరిశోధనా పత్రంలో మొదటి పేరు మాలకొండయ్య గారిది, రెండవది శాఖాధిపతి రంగనాయకులు గారిది, మూడవది డెబోరాది. పని చేసిన క్రమానికి ఇది తలక్రిందులే గాని, వయసు క్రమానికి అక్షరాలా సరిపోయింది. కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. శాలువా కప్పినప్పుడు డెబోరాకు కూడా లేకపోయింది. ఆ మాట ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుని తల దించుకుంది.

సభ తర్వాత ముఖద్వారం దగ్గర ఒక గాజుపెట్టె వెలసింది. లోపల ఏమీ లేదు. ఒక్క పరమాణువు మందం గల వస్తువు కంటికి ఆనదని పత్రంలోనే రాసి ఉన్నందున, పెట్టె ఖాళీగా ఉండటాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. లోపలి దుమ్మును తుడిచేటప్పుడు మెత్తని కుంచె మాత్రమే వాడవలెనని, ఎక్కడైనా చిరిగితే సిబ్బందే బాధ్యులని ఒక ఉత్తర్వు వెలువడింది.

ఇలా ఒక సంవత్సరం సుఖంగా గడిచింది. ఆ సుఖాన్ని చెడగొట్టింది ఒక ఫోన్.

చేసింది నవోమి. బోగోలు పిల్లే; కావలిలో డిగ్రీ చదివి, దూరంగా మరొక రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. డెబోరా పత్రం చదివి, సొంత జిల్లా పదార్థమన్న అభిమానం కొద్దీ, దానిని నిజంగా తయారు చేయడమే తన డాక్టరేటు అంశంగా తీసుకుంది. మొదట్లో 'గౌరవనీయులైన మేడం గారికి' అని ఉత్తరాలు రాసేది. ఊరు తెలిశాక అక్కా అనసాగింది.

"అక్కా, నలభై మూడోసారి కూడా పోయింది," అంది నవోమి. "పొర వేస్తా ఉండా, వేసింది వేసినట్టే ముడుచుకుపోతా ఉంది. నూనెలో పడ్డ అప్పడం మాదిరి. జూన్ ఆఖరుకు నా ఫెలోషిప్ అయిపోతాది. మా సారు, లెక్క కరెక్టే గదా, నీ చేతిలోనే ఏదో తప్పుంది అంటుండాడు. నాకూ అట్నే అనిపిస్తా ఉంది. నీ లెక్కలో తప్పుంటే మీ కాలేజీ ఈపాటికి చెప్పుండదా?"

"అంశం మార్చుకోకూడదా?"

"మార్చనియ్యరక్కా. అది తయారు కాదని మీరు రాసి, కాలేజీ ముద్ర వేసి ఇస్తే మారుస్తారంట. ఉన్నదాన్ని లేదని మీరెట్టా రాస్తారు? ఊరికే చెప్పినాలే. నాలుగు నెలలుండాయి, ఇంకా చేస్తా."

ఆ నమ్మకం డెబోరాను పొడిచినంతగా ఏ నిందా పొడిచి ఉండదు. ఆమె ఆ మధ్యాహ్నం, ఏడాదిలో మొట్టమొదటిసారిగా, అసలు లెక్క ఫైలు తెరిచింది.

ఇక్కడ పాఠకులు చిన్న శాస్త్ర విషయాన్ని ఓర్చుకోవాలి. పరమాణువుల పొర ఒకటి నిలుస్తుందా లేదా అని తేల్చడానికి, కంప్యూటర్ దానిని ఊహలోనే రకరకాలుగా కదిలించి, కంపనాలను లెక్కిస్తుంది. పెంచలీన్‌కు తొమ్మిది రకాల కంపనాలు. అంకె ముందు మైనస్ లేకుంటే, కదిలిన పరమాణువు ఊగి తిరిగి తన చోటికి వస్తుందని అర్థం. మైనస్ ఉంటే, కదిలినది తిరిగి రాదు. పొర మొత్తం ముడుచుకుపోతుంది. ఆ తొమ్మిది అంకెలను రెండవ ప్రోగ్రాముకు అందిస్తే, అది అతివాహకత ఏ చలిలో మొదలవుతుందో చెబుతుంది. మైనస్ కనబడితే ఆ ప్రోగ్రాము పని చేయనని మొరాయిస్తుంది. మంచి ప్రోగ్రాము.

ఫైలులో ఎనిమిది అంకెలు నూట నలభై రెండు పాయింటు ఆరు ఒకటి ఎనిమిది మూడు అన్నట్లు నాలుగేసి దశాంశ స్థానాలతో ఉన్నాయి. తొమ్మిదవది మాత్రం ఉత్త మూడు. దశాంశాలు లేవు. కంప్యూటర్లు అంత గుండ్రంగా ఆలోచించవు. మనుషులు, అందునా మార్కులు వేసే మనుషులు ఆలోచిస్తారు. పాత నకలు వెతికి తీస్తే, ఆ మూడు ఉన్నచోట మొదట మైనస్ ఏడు చిల్లర ఉండేది.

అప్పుడు ఆమెకు గుర్తుకు వచ్చింది. కళాశాల పరీక్షల హాలులోని నలభై కంప్యూటర్లను వేసవి సెలవుల్లో ఒకదానికొకటి కలిపి, ఆ లెక్కను పందొమ్మిది రోజులు నడిపింది. సరిగ్గా పూర్తయ్యే సమయానికి ఆమెను ఏదో పోటీ పరీక్షకు పరిశీలకురాలిగా మూడు రోజులు చిట్టమూరు పంపారు. తిరిగి వచ్చేసరికి తెర మీద ఫలితం సిద్ధంగా ఉంది. మైనస్ నూట ఎనభై ఏడు అన్న మాట చూశాక వెనక్కి తిరిగి అసలు అంకెలు చూసుకునే మనుషులు ఈ రంగంలోనూ తక్కువే. ఆమె ఆ తక్కువమందిలో లేదు.

రంగనాయకులు గారి గదికి వెళ్లింది. ఆయన శాఖాధిపతే గాక, కళాశాల పరీక్షల నియంత్రణాధికారి కూడా. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఒక్క విద్యార్థినీ చేతులారా ఫెయిలు చేయలేదన్నది ఆయన జీవితంలోని ఒకే ఒక గర్వం. మెత్తని మనిషి.

"సార్, ఈ తొమ్మిదో అంకె ఎవరు మార్చారు?"

"నేనే తల్లీ," అన్నారాయన, దాచవలసిన పని ఏ కోశానా లేనట్టుగా. "నువ్వు చిట్టమూరులో ఉండినావు. ఆ రెండో ప్రోగ్రాము ఎర్రగా ఏందో రాసి నిలబడిపోయింది. చూద్దును గదా, తొమ్మిదింట్లో ఎనిమిది బంగారం మాదిరి ఉండాయి. ఒక్కదాంట్లో మైనస్ ఏడు. మన కాలేజీలో మైనస్ మార్కుల పద్ధతి ఎప్పుడుందమ్మా?"

"అది మార్కు కాదు సార్. కంపనం."

"ఏదైతేనేం, ఎనిమిది సబ్జెక్టులు పాసైన పిల్ల. ఒక్క సబ్జెక్టుకు ఆపేస్తే ఉసురు తగలదా? రూల్సు ప్రకారం పది కలిపినా. పదకొండో మార్కు కలిపుంటే నా మీద ఒట్టు."

డెబోరా మనసులో లెక్క వేసింది. చిల్లర వదిలేసి మైనస్ ఏడుకు పది కలిస్తే మూడు. ఆ మూడు చేసిన మేలు ఇంతా అంతా కాదు. కంపనం ఎంత మెత్తనిదైతే, అంటే దాని అంకె ఎంత చిన్నదైతే, ఎలక్ట్రాన్లు అంత గట్టిగా జతకడతాయి, అతివాహకత అంత వెచ్చదనంలో వస్తుంది. అంటే కూలిపోవడానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న పొరకే ఆ ప్రోగ్రాము అందరికంటే పెద్ద ర్యాంకు ఇస్తుంది. రంగనాయకులు గారు ఫెయిలైన పిల్లను పాసు చేయడం మాత్రమే చేయలేదు. తెలియకుండానే స్టేట్ ఫస్టు చేశారు.

"ఆ పొర నిలవదు సార్. తాకితే ముడుచుకుపోతుంది. అక్కడ ఒక అమ్మాయి నలభై మూడుసార్లు..."

"మన పిల్లలు నిలబడలా? ఎంతమందికి కలిపినాం, చెప్పు. అందరూ బ్రహ్మాండంగా నిలబడే ఉండారు. ఒకడైతే వంతెనలు కడతా ఉండాడు."

ఏ వంతెనలని డెబోరా అడగలేదు. ఆమె రోజూ బస్సులో వచ్చే మనిషి. కొన్ని సంగతులు తెలియకుండా ఉండటమే మేలు.

ముద్ర వేసిన కాగితం పంపేదాకా ఇక పొర వేయవద్దని నవోమికి ఫోన్‌లో చెప్పి, డెబోరా సవరణ పనిలో పడింది. పత్రం ముగ్గురి పేరిట అచ్చయింది గనుక, సవరణకు ముగ్గురి సంతకాలూ కావాలని పత్రిక నియమం. రంగనాయకులు గారు మొదటి పేరు వారు పెడితే తానూ పెడతానన్నారు. మొదటి పేరు వారు హేచరీలో దొరికారు. రొయ్య పిల్లల తొట్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్న మాలకొండయ్య గారు, డెబోరా చెప్పినదంతా అడ్డు తగలకుండా విన్నారు. ఆ మర్యాద ఆయనలో ఉంది.

"ఇప్పుడు నువ్వు చెప్పేదేందంటే, పెంచలీన్ లేదంటావు."

"లేదండీ. ఉండటానికి కుదరదు."

"పోయిన సంవత్సరం మాత్రం ఉండిందా మేడం?"

డెబోరా చేతిలోని అంకెల కాగితాన్ని మడిచింది.

"అప్పుడూ లేదు గదా. లేకుండానే పేరు పెట్టినాం, పెట్టె చేయించినాం, శాలువాలు కప్పినాం. నీక్కూడా కప్పినాం. లేకపోవడం ఇన్నాళ్లూ దేనికీ అడ్డం రాలేదే, ఇప్పుడు మాత్రం ఎందుకొస్తాది?" అని, తొట్టి వైపు చెయ్యి చూపించారు. "మేము రైతుకు లక్ష పిల్లలమ్మితే పైన ఇరవై వేలు బోనస్ ఇస్తాం. ఎందుకు? కొన్ని చచ్చిపోతాయని. మా రంగనాయకులు సారు పది మార్కులు బోనస్ ఇచ్చినాడు. దాన్ని తప్పంటే ఈ కోస్తాలో ఒక్క హేచరీ మిగలదు."

"అక్కడ ఒక అమ్మాయి చదువు ఆగిపోతుంది సార్."

"ఆ పిల్లకు కూడా బోనస్ వెయ్యమని వాళ్ల సారుకు నేను ఫోన్ చెయ్యనా?"

ఆయన నిజంగానే ఫోన్ తీశారు. డెబోరా చేతులు జోడించి ఆపవలసి వచ్చింది. మాలకొండయ్య గారు చెడ్డవారని ఎవరూ అనుకోరాదు. అడిగినవారికి సాయం చేయకుండా పంపడం ఆయనకు తెలియదు. తమ సంస్థ నిబద్ధతను చాటడానికి వెంటనే ముగ్గురు సభ్యులతో ఒక పునఃపరిశీలనా సంఘాన్ని కూడా నియమించారు.

సంఘం రెండు నెలలు శ్రమించింది. మూడుసార్లు సమావేశమై, మూడుసార్లూ నెల్లూరు చేపల పులుసుతో భోజనం చేసి, గాజుపెట్టెను స్వయంగా దర్శించి, అందులోని వస్తువు యథాతథంగా ఉన్నదని నమోదు చేసింది. డెబోరాను పిలిచి, పెంచలీన్‌కు ఆమె ఏమవుతుందని అడిగింది. లెక్క కట్టినదాన్నని ఆమె చెబితే, సంరక్షకురాలు అని రాసుకుంది. చివరికి నివేదిక వెలువడింది. అందులోని ముఖ్య భాగాన్ని, దాని శైలి చెడకుండా, ఇక్కడ ఇస్తున్నాం:

"అభ్యర్థిని అగు పెంచలీన్ తొమ్మిది విషయములలో ఎనిమిదింట స్వశక్తితోడను, ఒక్కదానియందు నిబంధనానుసారమగు అదనపు మార్కులతోడను ఉత్తీర్ణురాలైనది. పునర్మూల్యాంకనమునకు అభ్యర్థిని స్వయముగా దరఖాస్తు చేసికొనలేదు. ఫలితములు వెలువడిన పదునైదు దినముల గడువు ముగిసినది. పునర్మూల్యాంకనమున మార్కులు పెరుగుటకే గాని తరుగుటకు నిబంధనలలో తావు లేదు. కావున ఫలితము: మార్పు లేదు. సంరక్షకురాలు చెల్లించవలసిన రుసుమును సంఘము దయతో మాఫీ చేసినది."

నివేదిక మీద ముద్ర ఉంది. పెంచలీన్ తయారు కాదని నవోమికి కావలసిన ముద్రే, పెంచలీన్ పాసయిందన్న కాగితం మీద పడింది. అప్పటికి జూన్ వచ్చింది.

ఆ సాయంత్రం బిట్రగుంటలో, రైల్వే కాలనీ వెనుక తమ ఇంటి వసారాలో, డెబోరా కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది. తండ్రి క్రీస్తురాజు రైల్వేలో పెట్టెల తనిఖీ పని చేసి రిటైరైన మనిషి. బండి వచ్చి ఆగగానే, పొడుగు కాడ ఉన్న సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టి, చప్పుడు విని, బాగోగులు చెప్పడం ఆయన ఉద్యోగం.

"ఏందమ్మా, కాఫీని చల్లార్చి సూపర్ కండక్టరు చేస్తుండావా?" అన్నాడాయన.

ఆమె అంతా చెప్పింది. కంపనాలు, మైనస్ ఏడు, పది మార్కులు, సంఘం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, చక్రాలను వినే అలవాటు చొప్పున.

"అంటే నీ కంప్యూటరు కూడా తట్టి చూసేదే గదా. మంచి చక్రం తడితే గంట మాదిరి మోగతాది. చీలింది మోగదు, దబ్బుమంటాది. మోగని చక్రానికి పది మార్కులేస్తే గూడూరు దాకా కూడా పోదు."

"ఆ మాట ముద్ర వేసి రాయమంటే ఎవరూ రాయడం లేదు నాన్నా."

"చీలిన చక్రం కనబడితే నేనేం చేసేవాణ్ణి? సుద్దముక్క తీసి పెట్టె మీద 'సిక్' అని, అంటే నడపకూడదని, రాసేవాణ్ణి. స్టేషన్ మాస్టరు సంతకం కోసం ఏ రోజూ కాచుకోలా. ముందు రాయడం. తర్వాత వాళ్లు ఎంత అరుచుకుంటే మనకేంది? అరుపులకు బండి పట్టాలు తప్పదు." కాఫీ గ్లాసు ఆమె వైపు జరుపుతూ, "ఇన్ని రోజులూ వాళ్ల సంతకాల కోసం తిరిగినావే, నీ సంతకానికి ఏమొచ్చింది?" అన్నాడు.

డెబోరా ఆ కాఫీ చల్లగానే తాగేసి లేచింది.

మరునాడు సెలవు చీటీ టేబుల్ మీద పెట్టి, అది మంజూరయ్యే దాకా ఆగకుండా, రైలెక్కింది. నవోమి విశ్వవిద్యాలయంలో పరిశోధనా కమిటీ ముందు నిలబడి, మార్చకముందు ఉన్న తొమ్మిది అంకెలను, తన ఒక్కదాని సంతకంతో, బల్ల మీద పెట్టింది. నవోమి గైడు ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, "కళాశాల ముద్ర లేదే," అన్నాడు.

"లేదు సార్. అంకెలున్నాయి."

కమిటీలోని పెద్దాయన ఒకరు కళ్లజోడు సవరించుకుని తొమ్మిదవ అంకె దగ్గర ఆగారు. "దీనిని మీ దగ్గర ఎవరు మార్చారు?"

"మార్చినవారు దయతో మార్చారు. చూసుకోకుండా సంతకం పెట్టింది నేను. ఈ అమ్మాయి చేతిలో తప్పు లేదు. ఈ పొర నిలవదని నలభై మూడుసార్లు నిరూపించింది. మాకు పందొమ్మిది రోజులూ నలభై కంప్యూటర్లూ పట్టాయి, అయినా చదువుకోలేకపోయాం."

పెద్దాయన ఆ కాగితాన్ని తన ఫైలులో పెట్టుకున్నారు. ఆ రంగంలో అది శాలువా కంటే పెద్ద గౌరవం. నవోమికి ఆరు నెలల గడువు పొడిగించారు. పెంచలీన్ ఎందుకు నిలవదన్నదే అంశంగా సిద్ధాంత గ్రంథం రాసుకోమన్నారు.

వరండాలో నవోమి ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే నా చేతుల్లో ఏ తప్పూ లేదా అక్కా?"

"లేదమ్మా. ఈ వ్యవహారం మొత్తంలో నిజం చెప్పింది ఆ చేతులొక్కటే."

"ఈ ముక్క మొదటిసారే చెప్పుంటే, నలభై రెండుసార్లు ఏడ్చుండేదాన్ని కాదు గదా," అని నవ్వి, నలభై మూడవసారి ఏడ్చింది.

డెబోరా తిరిగి వచ్చేసరికి కళాశాలలో ఆమె కోసం చార్జి మెమో సిద్ధంగా ఉంది. సెలవు మంజూరు కాకుండా వెళ్లడం, అభ్యర్థిని మార్కులను బయటి వ్యక్తులకు వెల్లడించడం అనే రెండు నేరాలు. రెండవది మరీ తీవ్రమైనదట. ఆమె సమాధానం రాసి ఇచ్చింది. జీతం పెంపు ఆగింది. నియంత్రణాధికారి గారు ఆమెను చూసి బాధగా నవ్వేవారు. ఒక తల్లి తన బిడ్డ మార్కులు తానే తగ్గించుకోవడం ఆయన సర్వీసులో ఎన్నడూ ఎరగరు. విశ్వవిద్యాలయం రాసిన లేఖ చూసి, విదేశీ పత్రిక వారు పెంచలీన్ పత్రాన్ని ఉపసంహరిస్తున్నట్లు ఒక ప్రకటన అచ్చు వేశారు. అది కూడా అంతర్జాతీయ పత్రికలోనే అచ్చయింది గనుక, కళాశాల వార్షిక నివేదికలో 'పెంచలీన్‌పై రెండవ అంతర్జాతీయ ప్రచురణ' కింద చేరింది.

ఏడాది తిరిగేసరికి నవోమికి డాక్టరేటు వచ్చింది. ఆమె గ్రంథం రెండు వందల పేజీలు. సారాంశం ఒక్క వాక్యం. పెంచలీన్ ఈ విశ్వంలో ఉండజాలదు. ఆ కబురు అందిన రోజే మాలకొండయ్య గారు డెబోరా మెమోను రద్దు చేసి, శాలువా కప్పి, రహదారి మీద నలభై అడుగుల ఫ్లెక్సీ కట్టించారు. 'పెంచలీన్‌లో ప్రపంచపు తొట్టతొలి డాక్టరేటు మన బోగోలు ఆడపడుచుకే' అని పెద్ద అక్షరాలు. నవోమి ఫోటో కుడివైపు, పెంచలమ్మ గారి ఫోటో ఎడమవైపు. అడుగున, ఈ విద్యాసంవత్సరం నుంచి బి.టెక్. పెంచలీన్ ఇంజనీరింగ్, అరవై సీట్లు.

మరునాటి ఉదయం డెబోరా బస్సు దిగి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి పైకి చూస్తోంది. పక్కనే ఒక నడివయసు రైతు, పదిహేడేళ్ల కూతురిని వెంటబెట్టుకుని, మార్కుల జాబితాను ప్లాస్టిక్ కవరులో భద్రంగా పట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌షర్టు చేసిన మనిషే. ఇంట్లో పత్రికలు తెప్పించుకుని, వ్యంగ్య కథలు చదివి నవ్వుకునే రకం. మనలో ఒకడు.

"మేడం, మీరిక్కడ లెక్చరరే గదా. ఈ పెంచలీన్ కోర్సులో మా పాపకు సీటొస్తాదా?"

డెబోరా ఆ పిల్ల ముఖం చూసింది. ఈసారైనా వేళకు చెప్పాలనుకుంది.

"అసలు పెంచలీన్ అనేది లేదండీ. ఉండదు కూడా. ఆ అమ్మాయికి డాక్టరేటు ఇచ్చింది కూడా లేదని నిరూపించినందుకే."

ఆయన తొందరపడలేదు. చుట్టూ చూసి, ఒక అడుగు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించాడు.

"లేదని తెలుసు మేడం. సీటుందా అని అడగతా ఉండా."